నేను పుట్టించిన దొరసాని, అప్పన్న కట్టిన పడవ

పన్నెండేళ్ళ కిందట నేనొక ఫ్రెంచి దొరసానిని చంపాను. చంపడానికి ముందు ఆమెను పుట్టించాల్సి వచ్చింది కాబట్టి మొత్తం పనికి ఒక ఆదివారం అనుబంధంలో రెండు పేజీలు పట్టాయి. ఆమె పేరు మదాం క్లేర్. కాపురం యానాంలో. మొగుడు సముద్రం మీద వెళ్ళి తిరిగి రాలేదు. వెళ్ళేముందు ఆయన ముచ్చటపడి కట్టించి ఇచ్చిన తెరచాప పడవలో కూర్చుని, రంగు అద్దాల కిటికీలోంచి నది సముద్రంలో కలిసే వైపు చూస్తూ చూస్తూ ఆమె ప్రాణం విడిచింది. చదివి చాలామంది ఏడ్చారు. మా పిన్ని ఏడ్చింది. రాసింది నేనేనని మరిచిపోయి ఒకసారి నేనూ ఏడవబోయాను.

ఇందులో పడవ ఒక్కటే నిజం. దిండి దగ్గర గోదావరి ఒడ్డున, ఒక రిసార్టు ముందు అది ఇప్పటికీ ఉంది. రిసార్టు కొత్తగా తెరిచిన రోజుల్లో నన్ను పిలిచి, రెండు రోజులు ఊరికే ఉంచుకుని, మూడు పూటలా రొయ్యల వేపుడు పెట్టి, పడవ గురించి ఏదైనా రాయమన్నారు. నేను అనంతపురం మనిషిని. ట్యాంకరు గొట్టంలోంచి తప్ప నీళ్ళు కదలడం చూడకుండా పెరిగాను. పడవకు ఎరుపు, నీలం గాజు పలకల కిటికీలు ఉన్నాయి. తలుపు గడియ మీద ఏవో ఫ్రెంచి అక్షరాలు ఉన్నాయి. వేపుడు తిన్నవాడికి అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. దొరసాని పేరు మాత్రం యానాంలో కొన్న ఒక సీసా మీది చీటీలోంచి తీసుకున్నాను.

అంతటితో ఆగి ఉంటే ఒక్క దొరసాని చావుతో పోయేది. నా వ్యాసం చివర ఒక ముసలి జాలరి వస్తాడు. చించినాడలో చుట్టాల పెళ్ళికి వచ్చి, పడవ కనిపిస్తే చీలమండల దాకా బురదలో దిగి నిలబడ్డాడు. ఇది మా నాన్న కట్టిన పడవండి అన్నాడు. అయితే ఎక్కి చూపించండి అన్నాను. ఎక్కలేదు. మళ్ళీ అడిగాను. మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఇలా రాశాను: 'పడవ తనదని చెప్పుకునే జాలరి ఒకాయన కనిపించాడు. ఎక్కమంటే భయపడ్డాడు.' నవ్వు కోసం రాశాను. పక్కన ఆయన ఫొటో కూడా వేశారు.

ఈ మధ్య నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. తాళ్ళరేవు దగ్గర హైస్కూల్లో సైన్స్ చెప్పే మంగ అనే టీచరు పంపింది. వాళ్ళ బడిలో స్థానిక చరిత్ర మీద పోటీ పెడితే, పదో తరగతి అమ్మాయి ఒకతె నా వ్యాసాన్ని నెట్‌లోంచి తీసి, జాలరితో సహా అప్పజెప్పి మొదటి బహుమతి కొట్టేసింది. ముందు వరసలో ఆ జాలరే కూర్చున్నాడు. ఆయన మంగకు తాత, పేరు పోలయ్య. మెసేజ్ చివర ఇలా ఉంది: "పన్నెండేళ్ళుగా మా పేటలో మా తాతని పడవెక్కని పోలయ్య అంటారండి. పేపరు ముక్క మంగలి షాపులో అంటించి ఉంది గానీ అందులో రాసినవాళ్ళ పేరు చిరిగిపోయింది. ఇప్పుడు తెలిసింది. ఒకసారి వచ్చి అది అబద్ధమని అందరి ముందూ చెప్పి వెళ్ళండి. రాకపోతే మీ ఇష్టమండి."

ఆ ఆఖరి అండి దగ్గర నాకు చెమట పట్టింది. టికెట్టు తీసుకున్నాను.

రాజమండ్రి

రైలు వంతెన మీదికి రాగానే పెట్టెలో సగంమంది లేచి కిటికీల్లోంచి చిల్లర నాణేలు గోదాట్లోకి విసిరారు. మా వైపు ఇంత నీళ్ళు కనిపిస్తే డబ్బులు వెయ్యరు, బిందెలు తెస్తారు. నేనూ ఐదు రూపాయల బిళ్ళ విసిరాను. అది వంతెన ఇనప కమ్మీకి తగిలి వెనక్కి వచ్చి, ఎదుటి సీటాయన టీ గ్లాసులో పడింది. ఆయన తీసి తుడిచి నా చేతిలో పెట్టి, మీది తీసుకోలేదండి, అన్నాడు. ఎవరి గురించి అన్నాడో అడగలేదు.

ఈ ఊళ్ళో మర్యాదకు కొత్తవాడు తట్టుకోలేడు. లాడ్జిలో గది లేదని చెప్పడానికి గుమాస్తా నాలుగుసార్లు అండి వాడాడు. పెసరట్టు హోటల్లో ఉప్మా అయిపోయిందని చెప్పినవాడు ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టాడు. ఎండకు ఒక రోజ్ మిల్క్ తాగి, ఇంకోటి తాగి, గోదారి గట్టున కూర్చుని క్షమాపణ ఎలా చెప్పాలో సాధన చేశాను. మూడో రకం బాగా వచ్చింది. పక్కన స్నానం చేసి బట్టలు పిండుకుంటున్న ఆవిడ, ఇంట్లో గొడవా బాబూ అని అడిగింది.

యానాం

యానాంలో బస్సు దిగేవాళ్ళలో నాలాగా ఖాళీ చేతులతో దిగేవాళ్ళు తక్కువ. సంచీలు మడిచి చంకలో పెట్టుకుని దిగుతారు, గలగలమనిపించుకుంటూ ఎక్కుతారు. పుదుచ్చేరి ప్రభుత్వం ఇక్కడివాళ్ళకు ఇంకా ఏమేం ఇచ్చిందో గానీ చుట్టుపక్కల ఊళ్ళకు చవక మందు ఇచ్చింది.

మదాం క్లేర్ అప్పటికే అక్కడ స్థిరపడిపోయి ఉంది. నది ఒడ్డున సుబ్బారావు గారని ఒక రిటైర్డు గుమాస్తా తగిలాడు. సాయంత్రాలు యాత్రికులకు ఊరు చూపిస్తూ పొద్దుపుచ్చుతాడు. నేను అడక్కుండానే దొరసాని కథ మొదలుపెట్టాడు. నేను వదిలేసిన చోట్లన్నీ ఆయన పూరించాడు. ఆమెకు ఇద్దరు పిల్లలట. ఒక చిలకట. చిలక ఫ్రెంచిలో ఏడ్చేదట. ఆఖరికి పాత సమాధుల దగ్గరికి తీసుకెళ్ళి, పేరు చెరిగిపోయిన ఒక రాయి చూపించి, ఇదే అన్నాడు. రాయి మీద ఎవరో బంతిపూలు పెట్టారు.

ఉండబట్టలేక, ఆవిడ లేదండి, నేనే కల్పించాను అన్నాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మీలాగే చాలామంది చెప్పుకుంటారండి. పోయినేడు ఒకాయన ఆమె మనవణ్ణన్నాడు."

ఆ వ్యాసం నాదేనని, పైనున్న నా ఫొటోతో సహా ఫోనులో తీసి చూపించాను. ఫొటోలో సన్నగా ఉన్నాడు కదండీ అన్నాడు. ఒడ్డున నిలబడి నిజం చెప్పేవాణ్ణి ఎదుటివాడు నమ్మకపోతే ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. చెయ్యడానికేమీ ఉండదు. నిలబడాలి, అంతే.

సుబ్బారావు గారు మంచివాడే. పడవ కిటికీల సంగతి అడిగితే మాత్రం కథలు చెప్పలేదు. తన చిన్నప్పుడు ఊళ్ళో ఒక ఫ్రెంచి కాలపు ఇల్లు కూలగొట్టారని, తలుపులూ గాజు కిటికీలూ గడియలతో సహా పాలకొల్లు నూనె షావుకారు ఒకాయన కొని ఎడ్లబండి మీద తీసుకుపోయాడని, ఒక పలక ఇదే వీధిలో పగిలిందని చెప్పాడు. నా ఫ్రెంచి రుజువులు రెండూ ఆ బండెక్కి పోయాయి.

తాళ్ళరేవు

తాళ్ళరేవు కాలవ ఒడ్డున ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. కాగితం మీద గీత ఉండదు. కొలతలన్నీ పెద్ద మేస్త్రి తలలోనూ, ముళ్ళు వేసిన ఒక తాడులోనూ ఉంటాయి. సగం కట్టిన పడవ పక్కటెముకల మధ్య నిలబడి, ఎన్నాళ్ళు పడుతుందండి అని అడిగితే, అయిపోయేదాకా అన్నారు.

పోలయ్య గారు రేకుల షెడ్డు కింద వల బాగుచేసుకుంటున్నాడు. ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. రాజమండ్రి గట్టున బాగా వచ్చిన మూడో రకం క్షమాపణ మొదలుపెట్టాను. మధ్యలో ఆపి, భోజనం చేసేరా అని అడిగాడు. లేదన్నాను. అయితే తిన్నాక తిడతాలెండి అన్నాడు.

కోడలు పండుగప్ప పులుసు వడ్డించింది. ముందురోజు వండిందట. ఆ చేప కిలో ఏడొందలు పలికిందని మంగ చెప్పింది, నేను ఎంత తింటున్నానో నాకు తెలియాలని కాబోలు. మా వైపు కోపం ఉన్నవాడికి అన్నం పెట్టరు. ఇక్కడ పెట్టి, మారు వడ్డించి, మజ్జిగ పోసి, చెయ్యి కడుక్కున్నాక మొదలుపెడతారు. పోలయ్య గారు పావుగంట తిట్టాడు. ప్రతి తిట్టుకూ అండి తగిలించాడు. ఒళ్ళు మండే మాటలు అంత మెత్తగా ఎవరూ నాకు చెప్పలేదు.

తరవాత పడవ చరిత్ర చెప్పాడు. ఆయన తండ్రి అప్పన్న, ఇద్దరు వడ్రంగులు కలిసి ఈ ఒడ్డునే దాన్ని కట్టారు. పేరు సత్తెమ్మ తల్లి. రెండు తెరచాపలు. కాకినాడకు ఉప్పు, లంకల్లోంచి కొబ్బరికాయలు, లాకులు దాటుకుని ఎగువ నుంచి ధాన్యం. పోలయ్య గారు మీసం రాకముందే చుక్కాని పట్టాడు. వంతెనలు వచ్చాయి, లారీలు వచ్చాయి, సరుకు రోడ్డెక్కింది. పడవను పాలకొల్లు షావుకారుకు అమ్మారు.

అయితే ఆ రోజు ఎందుకు ఎక్కలేదండి అని అడిగాను.

వల పక్కన పెట్టాడు. "అమ్మిన పడవంటే అత్తారింటికి పంపిన ఆడపిల్లండి. మా అమ్మ దాని ముక్కుకి పసుపు రాసి, రవికెల గుడ్డ కట్టి, ఏడ్చి పంపింది. ఆ ఇంటి ఆడమనిషి బొట్టెట్టి పిలిస్తేనే మేం ఎక్కాలి. పిలవకపోతే ఒడ్డు మీంచి చూసుకుని వచ్చెయ్యాలి. పిలవమని అడక్కూడదు. మీరు పిలిచేరు నన్ను. మీరెవరండి?"

నేను రొయ్యల వేపుడు తినడానికి వచ్చినవాణ్ణి. అది పైకి చెప్పలేదు.

అమ్మినప్పటి నుంచి ఎవరూ పిలవలేదా అంటే లేదన్నాడు. షావుకారు భార్య పడవ దగ్గరికే రాలేదట. తరవాత కొన్న మాస్టారు వాళ్ళు చర్చి మనుషులు, బొట్టు పెట్టరు. ఆ తరవాత రొయ్యల చెరువులాయన, ఆ చెరువు గట్టున ఆడమనిషే లేదు. సినిమావాళ్ళు నెలరోజులు అద్దెకు తీసుకుని వెనక భాగానికి నిప్పు పెట్టారు, వాళ్ళ పిలుపు ఆయన కోరుకోలేదు. యాభై ఏళ్ళుగా పోలయ్య గారు తన పడవను ఒడ్డు మీంచే చూస్తున్నాడు.

సాయంత్రం మంగ నన్ను మంగలి షాపుకు తీసుకెళ్ళింది. పేపరు ముక్క అద్దం పక్కనే ఉంది, నూనె మరకలతో. షాపులో ఆరుగురు ఉన్నారు. అది రాసింది నేనేనని, అబద్ధమని, పోలయ్య గారు భయపడలేదని చెప్పాను. మంగలి కత్తెర ఆపలేదు. అప్పుడు గెడ్డానికి సబ్బు పూసుకుని కూర్చున్న ఒకాయన అద్దంలోంచే అన్నాడు: "మాటలెందుకండి. ఎక్కమనండి, చూద్దాం."

బయటికి వచ్చాక మంగ నడుస్తూనే చెప్పింది. మీరు చెప్పడంతో ఇది పోదండి, తాత ఎక్కాల్సిందే. ఆయన్ని దిండి ఒడ్డు దాకా తీసుకురావడం తన పని. పిలిపించడం నా పని. రేపు కాక ఎల్లుండి. పేపరు ముక్క మాత్రం ఇంకా గోడ మీదే ఉంది. తీస్తే సున్నం ఊడుతుందని మంగలి అన్నాడు.

పాలకొల్లు

ఎదుర్లంక వంతెన దాటి, అమలాపురం మీదుగా బస్సులో కొబ్బరి చెట్ల మధ్య రెండున్నర గంటలు. పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో అరటి గెల పెట్టుకుంది. ఎక్కడిదాకా అని అడిగి, నేను పాలకొల్లు అనగానే గెలను నా ఒళ్ళోకి మార్చి నిద్రపోయింది. దిండి దాటేటప్పుడు కిటికీలోంచి నదీ, దూరంగా తెల్లగా పడవా కనిపించాయి. గెల ఉండటంతో లేచి చూడలేకపోయాను.

క్షీరారామలింగేశ్వరుడికి దండం పెట్టుకుని, దగ్గర్లో ఒక చిన్న కొట్లో దిబ్బరొట్టె తిన్నాను. నిప్పుల మీద మినప్పిండి ఎర్రగా కాలి, అరచేతంత మందం ఉంటుంది, పైన చెరకు పానకం పోసి ఇస్తారు. అరవై రూపాయలు. సగం తినేసరికి ఇంకో రెండు రోజులు తిండి అక్కర్లేదనిపించింది. కొట్టాయన రెండో సగం కూడా అయ్యేదాకా నిలబడి చూశాడు.

నూనె కొట్టు ఇప్పుడు షావుకారు కొడుకు నడుపుతున్నాడు. అరవై దాటినవాడు, సరదా మనిషి. వాళ్ళ నాన్న సరుకు కోసం కాదు, హోదా కోసం కొన్నాడట ఆ పడవ. గది కట్టించాడు, యానాం కిటికీలు బిగించాడు, తెల్ల రంగు వేయించాడు, సత్తెమ్మ తల్లి పేరు చెరిపి భార్య పేరు రాయించాడు. అంతర్వేది తీర్థానికి కుటుంబంతో పడవ మీద వెళ్ళాలని ప్లాను. మొదటి లాకు దగ్గరే ఆవిడకు వాంతులు మొదలయ్యాయి. గట్టెక్కి ఎడ్లబండి పిలిపించుకుని, మళ్ళీ దాని మొహం చూడనని ఒట్టు పెట్టింది. తన పేరు రాసి ఉన్న పడవను ఆవిడ జీవితంలో ఎక్కింది గంటసేపు. మిగతా పదేళ్ళు అందులో పేకాట జరిగింది.

తాళ్ళరేవు వాళ్ళను బొట్టు పెట్టి పిలవాలని ఎవరైనా చెప్పారా అని అడిగాను. అమ్ముతున్నప్పుడు పడవ కట్టినాయన భార్య వచ్చి వాళ్ళమ్మకు చెప్పిందని, వాంతుల తరవాత ఇంట్లో పడవ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయిందని చెప్పి నవ్వాడు. నేను పోలయ్య గారి సంగతి చెప్పాక నవ్వు ఆపి, మరి ఆయన చెప్పొచ్చు కదండీ అన్నాడు. అడక్కూడదట అన్నాను. అడక్కూడదు నిజమే అన్నాడు.

నరసాపురం

పడవను షావుకారు దగ్గర కొన్నది లూథరన్ బడి హెడ్మాస్టరు ఇమ్మానుయేలు గారు. ఆయన పోయి చాలాకాలమైంది. కూతురు గ్రేసమ్మ గారు కూడా టీచరుగా చేసి రిటైరై నరసాపురంలో ఉంటోంది. వరండాలో కూర్చుని లేసు అల్లుతోంది. నాతో మాట్లాడినంతసేపూ చేతులు ఆపలేదు. మోకాళ్ళ నెప్పులు, కదలలేదు.

పేకాట పడవను మాస్టారు కొని, కృప అని పేరు పెట్టాడు. లంక గ్రామాల్లో బడి లేని పిల్లలకు వారం వారం వెళ్ళి పాఠాలు చెప్పడానికి, ఆదివారం ఆరాధనకు. షావుకారు బల్లలే బెంచీలయ్యాయి. బల్ల సొరుగుల్లో పేకముక్కలు దొరికితే వాటి వెనకాల ఎక్కాలు రాయించాడట. ఆటీను రాణి వెనక ఏడో ఎక్కం గ్రేసమ్మ గారికి ఇప్పటికీ గుర్తు.

నేను పోలయ్య గారి పేరు ఎత్తగానే ఆవిడకు తెలిసిపోయింది. ఏడాదికోసారి, వానలకు ముందు, ఒకాయన ఒడ్డు మీదికి వచ్చి నిలబడేవాడట. ఎడం వైపు మూడో పలక ఉబ్బింది చూసుకోండి, కింద తారు పూయించండి అని చెప్పేవాడు. చెప్పిందల్లా నిజమయ్యేది. మాస్టారు లోపలికి రమ్మని ప్రతిసారీ పిలిచేవాడు. ఆయన రాకుండా దండం పెట్టి వెళ్ళిపోయేవాడు.

ఎందుకు రాలేదో చెప్పాను. అప్పుడు సూది ఆగింది.

"మా నాన్నగారు వేరేగా అనుకున్నారండి," అంది. "మా పడవ అని, మేం ముట్టుకున్నదని ఎక్కడం లేదనుకున్నారు. ఇంత మంచివాడికి ఇదేం బుద్ధి అని బాధపడేవారు. పోయేముందు కూడా అన్నారు. ఇదా సంగతి? చెబితే నేనైనా వెళ్ళి పిలిచేదాన్ని కదా."

నా అబద్ధానికి పన్నెండేళ్ళే. ఇది ముప్ఫై ఏళ్ళ పైది, ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఆవిడ లోపలికి కేకేసి నాకు టీ తెప్పించింది. వెళ్ళేటప్పుడు, ఆయనకు చెప్పండి, మేం కూడా అడక్కుండా ఊరుకున్నాం, అది మా తప్పు అంది.

దిండి

రిసార్టు మేనేజరును అందరూ రాజుగారంటారు. పన్నెండేళ్ళ కింద నాకు వేపుడు వడ్డించిన మేనేజరు కాదు, తరవాత వచ్చినవాడు. నన్ను చూసి తెగ సంబరపడ్డాడు. పడవ ముందు పెద్ద బోర్డు ఉంది, దాని మీద నా దొరసాని, నా వాక్యాలు, కింద నా పేరు. ప్రేమజంటలు తెరచాప కొయ్యకు రిబ్బన్లు కట్టి వెళతారట. ఇద్దరు అతిథులు ఆమెను చూశారట కూడా, తెల్ల గౌను. ఆ నెల గదులు నిండిపోయాయట.

నేను విషయం చెప్పాను. బోర్డు తియ్యాలి, పోలయ్య గారిని పిలవాలి. రాజుగారి సంబరం కొంచెం కొంచెంగా దిగింది. బోర్డు తన చేతిలో లేదన్నాడు. పడవ కంపెనీది, కంపెనీ నలుగురు భాగస్వాములది, వాళ్ళు హైదరాబాదులో ఉంటారు. మెయిల్ పెడతానన్నాడు. దొరసాని లేకపోతే ఇది మామూలు పాత పడవే కదండీ అని కూడా అన్నాడు, జాలిగా.

పదకొండింటికి మంగ, పోలయ్య గారు ఆటో దిగారు. ఆయన ఉతికిన తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. వెనక ఇంకో ఆటోలో తాళ్ళరేవు వాళ్ళు నలుగురు. మంగలి షాపులో సబ్బు పూసుకున్నాయన ఉన్నాడు, గెడ్డం నున్నగా.

పోలయ్య గారు బురద అంచు దాకా వచ్చి ఆగాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని పడవను ముక్కు నుంచి చివరి దాకా చూశాడు. ఆయనకు గ్రేసమ్మ గారి మాట చెప్పాను. మాస్టారు అలా అనుకున్నారా అని మాత్రం అడిగి, తలపాగా గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

సబ్బాయన దగ్గాడు. నాకు కంగారు పుట్టింది. దార్లో ముందుజాగ్రత్తగా తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, కుంకుమ పొట్లం కొన్నాను. అవి పళ్ళెంలో పెట్టి, పడవ ఎక్కి, పైనుంచి, రండి పోలయ్య గారూ అన్నాను. తాళ్ళరేవు నలుగురూ నవ్వలేక చచ్చారు. మంగ తల పట్టుకుంది. పోలయ్య గారు ఓపిగ్గా, మీ పడవా అని అడిగాడు. కాదన్నాను. మీరు ఆడమనిషా అని అడిగాడు. దిగేటప్పుడు నా ఎడమ చెప్పు బురదలో ఉండిపోయింది.

అప్పుడాయన రాజుగారి వైపు తిరిగి, ఈ పడవకి దీపం ఎవరు పెడతారండి అని అడిగాడు. రాజుగారు నీళ్ళు నమిలాడు. దీపాలు అవీ కంపెనీ లెక్కలో లేవన్నాడు. నేను చూశాను, పడవ ముక్కు దగ్గర చెక్క మీద నూనె మరక, కాలిన వత్తి.

వంటింటి వైపు నుంచి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రాజుగారి భార్య సుభద్ర గారు, రిసార్టు వంటంతా ఆవిడదే. శుక్రవారం శుక్రవారం నేనే పెడతానండి అంది. దొరసాని ఆత్మ తిరుగుతోందని పనివాళ్ళు భయపడుతుంటే, శాంతిస్తుందని మొదలుపెట్టిందట. ఆరేళ్ళుగా ఒక్క వారం మానలేదు.

ఇక దాచడం బాగుండదు. దొరసాని లేదండి, సీసా మీది చీటీ చూసి నేనే పేరు పెట్టాను అన్నాను.

ఆవిడ నా వైపు, నా ఒంటి చెప్పు వైపు చూసింది. "అంటే ఆరేళ్ళుగా నేను బ్రాందీ సీసాకి దీపం పెడుతున్నానాండీ?"

వైన్ అండి అనబోయి ఊరుకున్నాను.

పోలయ్య గారు మొదటిసారి నవ్వాడు. "పడవకే పెట్టేవమ్మా. ఎవరి పేరు చెప్పి పెడితే ఏం? దాని పేరు సత్తెమ్మ తల్లి."

సుభద్ర గారు ఆ పేరు ఒకసారి మెల్లగా పలికింది. మంగ ఆవిడ దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ లోపలికి వెళ్ళింది. రాజుగారు వెనకాలే వెళుతూ, కంపెనీకి ఒక మాట, అంటున్నాడు. కంపెనీ వచ్చి దీపం పెట్టిందా అని ఆవిడ అడగడం అందరికీ వినపడింది. పది నిమిషాల్లో చీర మార్చుకుని, పళ్ళెంలో కుంకుమ, తాంబూలం, అన్నవరం ప్రసాదం పొట్లం పెట్టుకుని వచ్చింది. నా అరటిపళ్ళు కూడా అందులో ఉన్నాయి, అవి వృథా చెయ్యలేదు. ఒడ్డు నుంచి వేసిన పలక మీదుగా పడవ ఎక్కింది, ముక్కుకు బొట్టు పెట్టింది, దిగి వచ్చి పోలయ్య గారి నుదుట బొట్టు పెట్టింది.

"మా ఇంటికి రండి బాబాయి గారూ," అంది. "ఇన్నాళ్ళూ పిలవలేదు, తెలియక."

ఆయన చెప్పులు విడిచాడు. పలక వైపు వెళ్ళలేదు. పంచె పైకి దోపుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి, పడవ పక్కన చెయ్యి వేసి, ఎనభై ఏళ్ళ మనిషి ఒక్క ఊపున పైకి వెళ్ళిపోయాడు. సబ్బాయన మంగ వైపు చూసి, ఫొటో తియ్యమ్మా, షాపులో అంటిద్దాం అన్నాడు. పాత ముక్క తీస్తేనే కదా సున్నం ఊడేది, దాని మీదే అంటించొచ్చట.

పైన పోలయ్య గారు అప్పుడే తిట్టడం మొదలుపెట్టాడు. ఈ మేకులు ఎవరు కొట్టారు, కొయ్య ఇక్కడ ఎవరు పాతారు, ఈ రిబ్బన్లేంటి. సుభద్ర గారు ఒక్కో రిబ్బనూ విప్పుతోంది. నాకు ఆనందం ఆగలేదు. దగ్గర్నుంచి చూసి రాసుకుందామని పలక మీద నాలుగడుగులు వేశాను. పోలయ్య గారు చుక్కాని దగ్గర నుంచి తల తిప్పి చూశాడు.

"ఆవిడ నన్ను పిలిచింది," అన్నాడు. "మిమ్మల్నెవరు పిలిచేరండి?"

దిగిపోయాను. బోర్డు పక్కన, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు బురదలో పెట్టి నిలబడ్డాను. బోర్డు ఇంకా అక్కడే ఉంది. మెయిల్‌కు జవాబు రాలేదని రాజుగారు నిన్న కూడా ఫోను చేశాడు. అందుకే ఇది రాస్తున్నాను. పడవ కట్టింది అప్పన్న, తాళ్ళరేవు. మదాం క్లేర్ ఎవరూ లేరు. పోలయ్య గారు ఎన్నడూ భయపడలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన చాలాసేపు పడవలోనే ఉన్నాడు. తరవాత తిట్లు ఆగిపోయాయి. గది గుమ్మం దగ్గర కూర్చుని, చెక్క మీద అరచెయ్యి ఆనించి, ఏదో మాట్లాడుతున్నాడు. సుభద్ర గారితోనో, పడవతోనో తెలియలేదు. గాలి అటు వైపుది. ఏమన్నాడో నాకు వినపడలేదు కాబట్టి రాయడం లేదు.